ప్రత్యక్షతకు గీటురాయి ‘వన్స్‌మోర్’: వెండితెరపై ఒపెరా, నిజామాబాద్ ప్రాంత చిందు యక్షగానం

కీలక పదాలు: ప్రత్యక్ష ప్రసారం, ఒపెరా, సిద్ధి, చిందు యక్షగానం, పద్యనాటకం, ప్రేక్షకుడు

ఉపోద్ఘాతం

2006 డిసెంబరు 30న న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరా సంస్థ మొజార్ట్ స్వరపరచిన ‘ది మ్యాజిక్ ఫ్లూట్’ ప్రదర్శనను ఉపగ్రహం ద్వారా సినిమా హాళ్లకు ప్రత్యక్షంగా పంపింది. అక్కడ వేదికపై గాయకుడు పాడుతుండగానే దూరదేశాలలోని ప్రేక్షకులు వెండితెరపై అతనిని చూడగలిగారు. 2009లో లండన్‌లోని నేషనల్ థియేటర్ కూడా తన నాటకాలను ఇదే పద్ధతిలో పంపడం ఆరంభించింది. భారతదేశంలో ముంబయిలోని ఎన్‌సీపీఏ మెట్రోపాలిటన్ ఒపెరా ప్రదర్శనలను తెరపై చూపుతూ వచ్చింది. నాటకశాలకు, సినిమా హాలుకు మధ్య ఏర్పడిన ఈ కొత్త కళాస్వరూపాన్ని గురించి తెలుగు నాటక విమర్శ ఆలోచించవలసిన అవసరం ఉంది. ఒపెరా తెలుగువారికి అలవాటైన కళ కాకపోవచ్చు. కాని పాటే సంభాషణగా, రాగతాళాలే కథాగమనంగా సాగే రంగస్థలం తెలుగువారికి కొత్తది కాదు. యక్షగానం, వీధిభాగవతం, పద్యనాటకం ఆ కోవకు చెందినవే.

నిజామాబాద్, కామారెడ్డి పట్టణాల మధ్య 44వ జాతీయ రహదారిపై ఉన్న ఇందల్వాయి మొదలు బోధన్ చెరకు ప్రాంతం వరకు గల నేల చిందు యక్షగానానికి పేరుపొందినది. ఆ కళను తన జీవితకాలంలోనే రాష్ట్రమంతటికీ పరిచయం చేసిన చిందు ఎల్లమ్మ బోధన్ సమీపంలోని అమ్దాపూర్‌కు చెందినవారు. 2005లో ఆమె మరణించిన తరువాత ఈ కళను చిత్రీకరించి భద్రపరచాలన్న మాట మరింతగా వినిపిస్తున్నది. చిత్రీకరిస్తే ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అన్న ప్రశ్నకు సమాధానం వెదకడానికి, అత్యుత్తమ సాధనాలతో జరుగుతున్న ఒపెరా ప్రసారం ఒక మంచి పరీక్షాస్థలం. రంగస్థల ప్రత్యక్షతను కొలవడానికి తెలుగు ప్రేక్షకుడే ఒక గీటురాయిని ఇచ్చాడని, అది ‘వన్స్‌మోర్’ అనే కేక అని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

‘ప్రత్యక్షం’ అనే మాటలోని మూడు అపేక్షలు

‘ప్రత్యక్ష ప్రసారం’ అన్న సమాసం తెలుగులో నిత్యవ్యవహారంలోకి వచ్చి చాలాకాలమైంది. రంగస్థలాన్ని ‘ప్రత్యక్ష కళ’గా గుర్తించడమే రికార్డింగు సాధనాలు వచ్చిన తరువాత పుట్టిన ఆలోచన అని 1999లో వెలువడిన ‘లైవ్‌నెస్’ గ్రంథంలో ఫిలిప్ ఆస్లాండర్ వాదించాడు. తెలుగు మాట విషయంలో మరొక చిక్కు ఉంది. న్యాయశాస్త్రంలో ప్రత్యక్షం ఒక ప్రమాణం. ఇంద్రియానికి, విషయానికి కలిగే సన్నికర్షం వల్ల పుట్టే జ్ఞానం. అందులో చూసేవాడు ఉంటాడు, చూడబడే వస్తువు ఉంటుంది. ఆ వస్తువు తిరిగి మనలను చూడవలసిన పని లేదు. కుండను చూడడానికి ఈ నిర్వచనం చాలును. రంగస్థలానికి మాత్రం చాలదు. అక్కడ చూడబడేవాడు కూడా చూస్తుంటాడు.

తెలుగువారు ప్రత్యక్ష ప్రసారంగా ఆదరించిన వాటిని పరిశీలిస్తే అందులో మూడు వేరువేరు అపేక్షలు కనిపిస్తాయి. మొదటిది ముహూర్తం. శ్రీరామనవమినాడు భద్రాచల కల్యాణాన్ని ఆకాశవాణి దశాబ్దాలుగా ప్రత్యక్ష వ్యాఖ్యానంతో వినిపించింది. ఉషశ్రీ వ్యాఖ్యానం ఆ సందర్భంతో విడదీయరానిదైంది. ఇందల్వాయి రామాలయం వంటి చోట కల్యాణం చూసే భక్తునికి, రేడియోలో భద్రాచల కల్యాణం వినే భక్తునికి కావలసింది ఒకటే: ఆ లగ్నం ఈ క్షణంలో నడుస్తున్నదన్న ఎరుక. వినేవాని స్పందన అర్చకునికి చేరకపోయినా క్రతువుకు లోటు లేదు. రెండవది ఫలితం. క్రికెట్ ఆటను ప్రత్యక్షంగా చూసేవాడు ఇంకా తేలని ఫలితం కోసం చూస్తాడు. మూడవది సిద్ధి. ప్రయోగం ప్రేక్షకునిలో ఫలించడం, ఫలించిందన్న సంగతి నటునికి తెలియడం, తెలిసిన నటుడు ఆపై మరింతగా విజృంభించడం అనే వలయమే సిద్ధి. రంగస్థలానికి ఈ మూడూ కావాలి. ప్రసారం వీటిలో ఏ మేరకు మోసుకుపోగలదన్నదే అసలు ప్రశ్న.

వెండితెర ఒపెరా: నిలుపుకున్నవి, మార్చినవి

ఒపెరాను దూరానికి పంపాలన్న కోరిక కొత్తది కాదు. 1881లో పారిస్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో ఒపెరా సంగీతాన్ని టెలిఫోను తీగల ద్వారా వినిపించారు. 1931 డిసెంబరు 25న మెట్రోపాలిటన్ ఒపెరా నుంచి ‘హాన్సెల్ అండ్ గ్రెటెల్’ రేడియోలో ప్రసారమైంది. సరిగ్గా ఆ తరువాత నెలన్నర లోపే, 1932 ఫిబ్రవరి 6న, తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ విడుదలైంది. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారంగా, సురభి నటుల తోడ్పాటుతో హెచ్.ఎం. రెడ్డి దాన్ని తీశాడు. పాడే రంగస్థలం యంత్రంలోకి ప్రవేశించడం రెండు సంస్కృతులలోనూ ఒకే చలికాలంలో జరిగిందన్నమాట. 1952 డిసెంబరు 11న ‘కార్మెన్’ను అమెరికాలోని 27 నగరాలలో 31 సినిమా హాళ్లకు ప్రత్యక్షంగా పంపడం నేటి పద్ధతికి పూర్వరూపం.

నేటి ప్రసారం ముహూర్తాన్ని కొంతవరకు నిలుపుకుంటుంది. న్యూయార్క్‌లో శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు తెర లేస్తే భారతదేశంలో ఋతువును బట్టి రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. ఊళ్లో చిందు భాగోతానికి మద్దెల శ్రుతి చేసుకునే వేళ కూడా అదే కావడం ఒక యాదృచ్ఛిక సామ్యం. ప్రసారం ఫలితాన్ని కూడా నిలుపుకుంటుంది. గాయకుడు తారస్థాయిని అందుకుంటాడా, గొంతు జారుతుందా అన్న ఉత్కంఠ తెర ముందు కూర్చున్నవానికీ ఉంటుంది. ప్రసారం అదనంగా ఇచ్చేవి కూడా ఉన్నాయి. నాటకశాలలో చివరి వరుసవానికి కనిపించని ముఖకవళికలు తెరపై స్పష్టంగా కనిపిస్తాయి. అనువాదం తెర అడుగున అక్షరాలలో వస్తుంది. విరామంలో నేపథ్యంలోని గాయకులతో ముచ్చట్లు వినిపిస్తాయి. వేల మైళ్ల దూరంలో ఉన్నవానికి, విమాన ప్రయాణం ఊహించలేనివానికి ఇది నిజంగానే మేలు. ఈ మేలును చిన్నచూపు చూడడం విమర్శ కాదు.

అయితే రెండు మార్పులను గుర్తించాలి. మొదటిది దృష్టికి సంబంధించినది. నాటకశాలలో ప్రేక్షకుడు పాడుతున్నవానిని వదలి వింటున్నవానిని చూడవచ్చు. తెరపై ఎవరిని, ఎంతసేపు, ఎంత దగ్గరగా చూడాలో నిర్ణయించేవాడు ప్రసార దర్శకుడు. రెండవది గొంతుకు సంబంధించినది. ఒపెరా గాయకుడు సంప్రదాయంగా మైకు లేకుండా, వాద్యబృందపు హోరును దాటి, తన శరీరబలంతోనే గొంతును చివరి వరుసకు చేరుస్తాడు. అతని కళలో ఆ శ్రమ ఒక భాగం. ప్రసారంలో పెద్ద గొంతును, చిన్న గొంతును శబ్దసమ్మేళకుడు ఒకే స్థాయికి తీసుకురాగలడు. గొంతు వినిపిస్తుంది కాని, అది దాటివచ్చిన దూరం వినిపించదు. ఆరుబయట మైకు లేకుండా రాత్రంతా పాడిన పాతతరం చిందు కళాకారుల విషయంలోనూ ఈ మాట వర్తిస్తుంది. చేతిలోకి మైకు వచ్చినప్పుడు గొంతుకు శ్రమ తగ్గింది గాని, చిందు వేసే కాలికి తీగ అడ్డం వచ్చింది.

సిద్ధి: నాట్యశాస్త్ర దృష్టి

నాట్యశాస్త్రంలో సిద్ధిని నిరూపించే అధ్యాయం ప్రయోగ సాఫల్యాన్ని రెండు విధాలుగా విభజించింది: మానుషి, దైవికి. మానుషి సిద్ధి మళ్లీ వాఙ్మయం, శారీరం అని రెండు రకాలు. చిరునవ్వు, పెద్దనవ్వు, ‘సాధు’, ‘అహో’, ‘కష్టం’ అన్న మాటలు, పెద్దపెట్టున లేచే ధ్వని వాఙ్మయ సిద్ధికి గుర్తులు. గగుర్పాటు, ఆసనం నుంచి లేచి నిలబడడం, ఉత్తరీయాలను, ఉంగరాలను వేదికపైకి విసరడం శారీర సిద్ధికి గుర్తులు. ఇవన్నీ ప్రేక్షకుని చర్యలే కావడం ఇక్కడ గమనార్హం. నాట్యశాస్త్రకారుడు సాఫల్యాన్ని కొలిచే చోటు వేదిక కాదు, ప్రేక్షకాగారం. చదివింపులు ఇచ్చి పేరు చెప్పించుకునే తెలుగు పల్లె ప్రేక్షకుడు ఉంగరం విసిరిన ఆ ప్రాచీన ప్రేక్షకునికి వారసుడు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. సభ నిండుగా ఉండి, శబ్దం లేకుండా, క్షోభ లేకుండా ప్రయోగం సాగడం దైవికి సిద్ధి అని అదే అధ్యాయం చెబుతున్నది. సినిమా హాలు చీకటిలో నిశ్శబ్దంగా ఒపెరా చూసే ప్రేక్షకుల స్థితి దైవికి సిద్ధి ఎందుకు కాకూడదు? సమాధానం నిశ్శబ్దపు స్వభావంలో ఉంది. నిండు సభలోని నిశ్శబ్దం నటునికి వినిపిస్తుంది. కాటిసీనులో హరిశ్చంద్ర పాత్రధారి పద్యం ఎత్తుకోబోయే ముందు ఆగినప్పుడు జనం ఊపిరి బిగబట్టిన సంగతి అతనికి తెలుసు. ఆ తెలివితోనే ఆలాపనను ఇంకొంచెం సాగదీస్తాడు. తెర ముందరి నిశ్శబ్దం ఎవరికీ చేరదు. చప్పట్లు కొట్టినా చేరవు. రెండూ చేరనప్పుడు వాటి మధ్య భేదమే మిగలదు. చలనచిత్ర నటుడు ప్రదర్శన సమయంలో ప్రేక్షకులకు అనుగుణంగా తనను సవరించుకునే అవకాశాన్ని కోల్పోతాడని 1930ల మధ్యకాలంలోనే వాల్టర్ బెంజమిన్ గుర్తించాడు. ఒపెరా ప్రసారంలో పరిస్థితి మరింత విచిత్రం. అక్కడి గాయకుడు సవరించుకుంటూనే ఉంటాడు. కాని న్యూయార్క్ సభకు అనుగుణంగా. వెండితెర ప్రేక్షకుడు ఇతరుల సిద్ధికి సాక్షి మాత్రమే.

దీనికి తగిన దృష్టాంతం 2019 మార్చి 2న లభించింది. దోనిజెత్తి ఒపెరా ‘లా ఫీయ్ ద్యు రెజిమాఁ’లో కథానాయకుని ప్రసిద్ధ గీతంలో తారషడ్జం తొమ్మిదిసార్లు పలకాలి. ఆనాడు హవియేర్ కమరేనా దాన్ని పాడగానే సభ ఆగకుండా హర్షధ్వానాలు చేసింది. అతడు గీతాన్ని మళ్లీ పాడాడు. మెట్రోపాలిటన్ ఒపెరా సినిమా ప్రసారాలలో ఒక గీతాన్ని పునరావృతం చేయడం అదే ప్రథమం. ఇటలీలో ‘బిస్’ అని కేకవేసి గీతాన్ని మళ్లీ పాడించుకోవడం పాత ఆచారమే. నాటకీయత చెడుతుందని తొస్కానీని వంటి సంగీతదర్శకులు దాన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. ఆ రోజు లోకమంతటా సినిమా హాళ్లలోని వారు ఆ రెండవసారి పాటను విన్నారు, ఆనందించారు. కాని అడిగినవారు వారు కారు. వారికి దక్కింది మరొకరు అడిగి తెచ్చుకున్న వరం.

వన్స్‌మోర్: రచనను మార్చిన కేక

తెలుగు పద్యనాటక విమర్శ వన్స్‌మోర్‌ను తరచు అనౌచిత్యంగా చూసింది. యుద్ధరంగంలో పడిపోయిన వీరుడు లేచి పద్యం మళ్లీ పాడి, మళ్లీ పడిపోవడం రసభంగమేనన్న వాదంలో నిజం లేకపోలేదు. అయితే ఆ కేకను మర్యాదకు సంబంధించిన సమస్యగా మాత్రమే చూడడం వల్ల దాని నిర్మాణశక్తి మరుగునపడింది.

బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్రీయం’ ప్రదర్శనలలో జాషువా శ్మశానపద్యాలు చేరడం ఇందుకు ప్రబల నిదర్శనం. అవి నాటకకర్త రాసినవి కావు. నటులు కాటిసీనులో పాడారు, జనం కోరారు, మళ్లీ పాడారు, క్రమంగా ఆ పద్యాలు లేని కాటిసీనును ప్రేక్షకులు ఊహించలేని స్థితి ఏర్పడింది. ఒక కవి నాటకంలోకి మరొక కవి పద్యాలను ప్రవేశపెట్టిన అసలు సంపాదకుడు ప్రేక్షకుడే. ‘శ్రీకృష్ణ రాయబారం’లో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు వరుసగా వేషం కట్టే పద్ధతి కూడా ఇటువంటిదే. పాత్ర ఏకత్వాన్ని పక్కనపెట్టి గొంతుల వైవిధ్యాన్ని కోరిన శ్రోత అందుకు కారకుడు.

ఈ అలవాటు సినిమా హాలులో కూడా తేలికగా వదలలేదు. నచ్చిన పాట రాగానే వన్స్‌మోర్ అని అరచి, రీలు వెనక్కి తిప్పించి పాటను మళ్లీ వేయించుకున్న ప్రేక్షకుల ముచ్చట్లు పాతతరం నోట నేటికీ వినవస్తాయి. తెరపై నటుడు వినడని వారికి తెలియక కాదు. ఆ హాలులో తమ కేక వినగలవాడు ప్రొజెక్టరు ఆపరేటరు ఒక్కడే కాబట్టి కోరికను అతనికి విన్నవించారు. ప్రసారం మూసివేసిన దారికి తెలుగు ప్రేక్షకుడు వెదుక్కున్న పక్కదారి అది.

చిందు ప్రదర్శనలో పరస్పరత

చిందు కళాకారులు మాదిగలకు ఆశ్రితులుగా, వంశపారంపర్య హక్కు గల గ్రామాలలో జాంబపురాణం చెబుతూ, యక్షగానాలు ఆడుతూ వచ్చారు. ఎల్లమ్మ వేషం, చెంచులక్ష్మి, సారంగధర, బాలనాగమ్మ వంటివి వారి ప్రదర్శనలలో ప్రసిద్ధాలు. మద్దెల, తాళాలు, హార్మోనియం, వెనుక నిలిచి అందుకునే వంతపాట ఈ రంగస్థలానికి ఆధారం. స్త్రీలు కూడా వేషం కట్టడం, చిందు ఎల్లమ్మ స్త్రీ పాత్రలతో పాటు పురుష పాత్రలు ధరించడం దీని విశిష్టత. జనగామ ప్రాంతానికి చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ లభించడంతో ఈ కళకు జాతీయ గుర్తింపు వచ్చింది.

ఈ ప్రదర్శనలో దరువు ఎన్ని ఆవృత్తాలు సాగాలో రాతప్రతిలో ఉండదు. జనం ఉత్సాహాన్ని బట్టి వేషధారి చిందును పెంచుతాడు. నిద్ర ముంచుకొస్తున్నదనిపిస్తే హాస్యపాత్ర రంగంలోకి దూకుతుంది. చదివింపు వచ్చినప్పుడు కథ ఆగుతుంది, ఇచ్చినవారి పేరు గానంలోకి వస్తుంది, కథ తిరిగి నడుస్తుంది. ఒపెరా ప్రసారంలో విరామంలోని ముచ్చట్లు నేపథ్యాన్ని తెరచి చూపుతాయని చెప్పుకున్నాం. చిందు రంగస్థలంలో నేపథ్యం ఎన్నడూ పూర్తిగా మూసి ఉండదు. అర్దళం పూసుకుంటున్న నటుని చుట్టూ ఊరి పిల్లలు మూగుతారు. వారు అతనిని చూస్తారు, అతడూ వారితో మాట్లాడతాడు.

ఇటువంటి ప్రదర్శనను ఒకే కెమెరాతో వేదిక వైపు గురిపెట్టి చిత్రీకరిస్తే ఏమవుతుంది? దరువు అయిదుసార్లు పాడినట్టు కనిపిస్తుంది. ఎందుకు అయిదుసార్లు పాడారో కనిపించదు. కారణం తెలియని ఆవృత్తి చూసేవానికి విసుగు పుట్టిస్తుంది. విసుగు పుట్టినచోట కత్తిరింపు మొదలవుతుంది. రాత్రంతా సాగే ఆట గంటకు కుదించుకుపోతుంది. ఆ గంటే ప్రమాణమై, సాంస్కృతికోత్సవ వేదికలపై కొత్తతరం కళాకారులు దానినే అభ్యసిస్తారు. ప్రసారం వల్ల కళకు వచ్చే ముప్పు ఇక్కడే ఉంది. రికార్డింగు కళను చంపుతుందని కాదు. రికార్డింగులో మిగిలినదే కళ అన్న భ్రమను కల్పిస్తుంది.

పరస్పరతలోని అసమానత

ఇంతమాత్రాన పాత ఊరి ప్రేక్షకాగారాన్ని ఆదర్శంగా కీర్తించడం పొరపాటు. ప్రేక్షకుడు అడగడం, నటుడు ఇవ్వడం అనే సంబంధం అందరికీ సమానంగా ఉండేది కాదు. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది కులం నిర్ణయించింది. దొర నోట వచ్చిన ‘మళ్లీ పాడు’ ప్రశంస మాత్రమే కాదు, ఆజ్ఞ కూడా. ఎల్లమ్మ వేషం కట్టిన స్త్రీకి ఆ రాత్రి మొక్కిన ఊరే ఆమె కులపు స్త్రీలపై జోగిని ఆచారాన్ని మోపింది. నిజామాబాద్ జిల్లాలో వర్ని కేంద్రంగా హేమలతా లవణం జోగినుల పునరావాసానికి చేసిన కృషి, 1988లో వచ్చిన నిషేధ చట్టం ఆ చరిత్రలోని భాగాలే. కాబట్టి ప్రత్యక్షత తనంతట తాను విలువ కాదు. ఎవరు ఎవరిని అడగగలరు, కాదనే హక్కు ఎవరికి ఉంది అన్నదానిపై దాని విలువ ఆధారపడుతుంది.

ఈ కోణంలో చూస్తే తెరకు ఒక మంచి పక్షం ఉంది. టిక్కెట్టు కొన్న ప్రతివానికి అది ఒకే దృశ్యాన్ని ఇస్తుంది. ముందు వరుస మర్యాదలను చాలావరకు తుడిచేస్తుంది. వేషధారిని అధికారం చూపి శాసించగల కేక అక్కడ లేదు. కాని ఆ సమానత్వం ఎవరూ అడగలేని సమానత్వం. అసమానమైన పరస్పరతకు మందు పరస్పరతను తొలగించడం కాదు, దానిని సమానం చేయడం. చిందు కళాకారుడు తన పారితోషికాన్ని, ప్రదర్శన నిడివిని, చిత్రీకరణ షరతులను తానే నిర్ణయించుకోగలిగినప్పుడు వన్స్‌మోర్ ఆజ్ఞ కాకుండా కోరికగా మారుతుంది. అప్పుడు మళ్లీ పాడడం అతని ఇష్టం.

ముగింపు

వెండితెర ఒపెరా ముహూర్తాన్ని, ఫలితాన్ని మోసుకుపోగలిగింది గాని సిద్ధిని మోసుకుపోలేకపోయింది. దృశ్యం, శబ్దం ఒక దిక్కుకే ప్రయాణించడం ఇందుకు కారణం. ప్రేక్షకుని కోరికకు ప్రయోగాన్ని మార్చే శక్తి ఉన్నదా అన్నదే రంగస్థల ప్రత్యక్షతకు గీటురాయి అని తెలుగు గేయరంగస్థల చరిత్ర సూచిస్తున్నది.

దీని నుంచి పరిశోధకులకు మూడు కర్తవ్యాలు ఏర్పడుతున్నాయి. చిందు యక్షగానాన్ని చిత్రీకరించేటప్పుడు ఒక కెమెరా ఆద్యంతం ప్రేక్షకుల వైపు ఉండాలి. వారి మాటలను వేరుగా రికార్డు చేయాలి. యక్షగాన పాఠాలను పరిష్కరించేటప్పుడు దరువులతో, వచనాలతో పాటు ఆవృత్తులను, చదివింపులను, జనం కోరికపై జరిగిన చేర్పులను పాఠంలో భాగంగానే గుర్తించాలి. వాటిని ప్రక్షిప్తాలని తోసివేయరాదు. కుదించిన ప్రదర్శనను భద్రపరచినప్పుడు అది కుదించినదని, ఎవరి కోసం, ఎంత నిడివికి కుదించారో నమోదు చేయాలి. ఇవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. కెమెరా మొహం తిప్పినంత, పాఠం పక్కన ఒక గుర్తు పెట్టినంత పని. ఆ గుర్తు లేకపోతే రేపటి పరిశోధకునికి దరువు దొరుకుతుంది గాని, దాన్ని మళ్లీ పాడించినవాడు దొరకడు.